ముడుమాల్ రాళ్లకు దక్కింది గుర్తింపా, వరుసలో చోటా?

మక్తల్ బస్టాండు పక్కన టీ కొట్టులో ఇద్దరు పెద్దమనుషులు వాదించుకుంటుంటే విన్నాను. "మన ముడుమాల్ రాళ్లకు యునెస్కో గుర్తింపు వచ్చింది, రామప్ప తరువాత మనదే" అన్నాడు ఒకాయన. రెండో ఆయన ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి, "వస్తే ఆ ఊరికి డబ్బులెందుకు రాలేదు?" అని అడిగాడు. మొదటాయన దగ్గర జవాబు లేదు. నిజానికి ఇద్దరూ ఒకే పొరపాటు మీద కూర్చుని వాదించుకుంటున్నారు. వచ్చింది గుర్తింపు కాదు. గుర్తింపు వచ్చినా దాని వెంట డబ్బు సంచులు రావు.

జరిగింది ఇది. 2025 మార్చిలో మన దేశం యునెస్కో తాత్కాలిక జాబితాలో ఆరు కొత్త పేర్లు చేర్పించింది. వాటిలో నారాయణపేట జిల్లా, కృష్ణా మండలంలోని ముడుమాల్ నిలువురాళ్లు ఒకటి. మిగతావి ఛత్తీస్‌గఢ్‌లోని కాంగేర్ లోయ, అశోకుడి శాసనాలున్న చోట్లు, చౌసట్ యోగిని ఆలయాలు, ఉత్తర భారతంలోని గుప్తుల కాలపు గుళ్లు, బుందేలా రాజుల కోటలు. అదే ఏడాది సెప్టెంబరులో మరో ఏడు చేరాయి. తిరుమల కొండలు, విశాఖ దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు ఆ విడతలోనివే. దాంతో జాబితా పొడవు 69కి చేరింది.

ఈ జాబితా ఏమిటి, దీనిలో చేరడం వల్ల ఒక రాయికి గానీ ఒక ఊరికి గానీ ఏం మారుతుంది, "ఎవరికీ తెలియని అద్భుత ప్రదేశం" అని ఫోనులో రోజూ కనిపించే వీడియోలకూ దీనికీ సంబంధం ఉందా అన్నది విడదీసి చూద్దాం.

కృష్ణ ఒడ్డున నిలబడ్డ రాళ్లు

ముందు అక్కడ ఏముందో తెలియాలి. కృష్ణానదికి కాస్త ఎగువన, చేల మధ్య, దాదాపు 80 పెద్ద రాళ్లు నిటారుగా పాతి ఉన్నాయి. ఒక్కొక్కటి పది నుంచి పద్నాలుగు అడుగుల ఎత్తు. పక్కన నిలబడితే నా తల వాటి నడుముకు వచ్చింది. వాటి చుట్టూ మోకాలెత్తు కూడా లేని చిన్న రాళ్లు వేల సంఖ్యలో వరుసలు కట్టి ఉన్నాయి. పెద్ద రాళ్లను చూడటానికి వెళ్లినవాడు ఈ చిన్నవాటిని తొక్కుకుంటూ వెళ్లిపోతాడు. నేనూ అదే చేశాను. వెంట వచ్చిన రైతు, "సార్, మీరు నిలబడ్డది వరుసలోనే" అన్నాక కాలు తీశాను.

ఇలా నిలబెట్టిన రాయిని పురావస్తు శాస్త్రంలో మెన్హిర్ అంటారు. మన మాటలో నిలువురాయి. చచ్చిపోయినవారి గుర్తుగానో, కొలుపు కోసమో, కాలం లెక్క కోసమో పెద్ద రాళ్లతో కట్టుకున్న సంస్కృతిని బృహత్ శిలాయుగం అంటారు. దక్షిణ తెలంగాణలో ఈ కాలపు ఆనవాళ్లు ఊరూరా ఉన్నాయి. రాళ్లు చుట్టూ పేర్చి, మీద బండ కప్పిన సమాధులను మనవాళ్లు రాకాసి గుళ్లు అనీ, పాండవుల గుళ్లు అనీ అంటారు. అంత బండను మామూలు మనిషి ఎత్తలేడు గనుక రాకాసో భీముడో ఎత్తి ఉండాలన్నది జనం తర్కం. ముడుమాల్ రాళ్ల వయసు 3,500 నుంచి 4,000 ఏళ్లు ఉండవచ్చని పరిశోధకుల అంచనా. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రొఫెసర్ కె.పి. రావు ఏళ్ల తరబడి ఇక్కడ పని చేశారు.

ఊరివారికి మాత్రం ఇవి నిలువురాళ్ల తిమ్మప్ప. ఒక రాయి ఎల్లమ్మ. పసుపు కుంకుమ పడి పడి ఆ రాయి కింది భాగం రంగే మారిపోయింది. ఇది గుర్తు పెట్టుకోండి, తరువాత దీనితో పనుంది.

"తాత్కాలిక" అనే మాట తెచ్చిన తంటా

సగం గందరగోళం అనువాదంలోనే ఉంది. పత్రికలు తాత్కాలిక జాబితా అంటాయి. తాత్కాలికం అనగానే మనకు కొన్నాళ్లకు తీసేసే ఉద్యోగం గుర్తొస్తుంది. లేదా "ఇప్పటికి ఇచ్చారు, తరువాత ఖాయం చేస్తారు" అనిపిస్తుంది. రెండూ కాదు. ఒక దేశం తన ఇంట్లో కూర్చుని, "భవిష్యత్తులో వీటిని ప్రపంచ వారసత్వ హోదా కోసం ప్రతిపాదించాలని అనుకుంటున్నాం" అని రాసి పంపే పట్టీ అది. యునెస్కో దాన్ని తీసుకుని తన వెబ్‌సైటులో పెడుతుంది. ఆ దశలో ఎవరూ వచ్చి పరీక్షించరు, విలువ కట్టరు. ప్రతిపాదనల పట్టీ అని ఉంటే ఈ తంటా ఉండేది కాదు.

అసలు హోదా వేరు. 1972లో కుదిరిన ప్రపంచ వారసత్వ ఒప్పందం కింద 21 సభ్య దేశాల కమిటీ ఏటా సమావేశమై దాన్ని ఇస్తుంది. మన దేశం 1977లో ఆ ఒప్పందంలో చేరింది. 2025 జులైలో మరాఠాల కోటలు చేరాక భారత్ లెక్క 44కి వచ్చింది. తెలంగాణ నుంచి ఆ జాబితాలో ఉన్నది 2021లో చేరిన రామప్ప గుడి ఒక్కటే.

పట్టీ నుంచి హోదా దాకా దారి ఇలా ఉంటుంది. పట్టీలో కనీసం ఒక ఏడాది ఉండాలి. తరువాత వందల పేజీల పూర్తి ప్రతిపాదన సిద్ధం చేయాలి. సరిహద్దులెక్కడ, చుట్టూ రక్షణ వలయం ఎంత, భూమి ఎవరిది, ఏ చట్టం కాపాడుతుంది, రోజువారీ చూసేదెవరు అన్నవన్నీ మ్యాపులతో సహా అందులో ఉండాలి. కట్టడాలైతే ఫ్రాన్స్ కేంద్రంగా ఉన్న ఐకోమాస్ అనే నిపుణుల సంస్థ మనిషిని పంపి చూసివస్తుంది. అడవులూ కొండలూ అయితే ఆ పని ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్‌ది. నిపుణులు తమ అభిప్రాయం చెబుతారు, తీర్పు మాత్రం కమిటీది. రామప్ప విషయంలో నిపుణులు లోపాలు ఎత్తి చూపినా, కమిటీలోని దేశాల మద్దతుతో గట్టెక్కింది. అంటే ఇది పూర్తిగా శాస్త్రం కాదు, పూర్తిగా రాజకీయమూ కాదు. మధ్యలో ఎక్కడో ఉంది.

ఇంకో ముడి ఉంది. 2020 నుంచి ఒక దేశం ఏడాదికి ఒక్క ప్రతిపాదనే పంపగలదు. 69 పేర్లున్న పట్టీలోంచి ఏడాదికి ఒకటి. వరుస క్రమమూ లేదు. ముందు చేరినవాడు ముందు వెళ్తాడన్న హామీ ఎక్కడా లేదు. రేషన్ దుకాణం ముందు సంచి పెట్టి వరుస ఖాయం చేసుకున్నట్టు ఇక్కడ కుదరదు. సిద్ధంగా ఉన్నవారి సంచి ముందు నిండుతుంది.

ఏడేళ్లు, పదేళ్లు, ఇరవై తొమ్మిదేళ్లు

ఎంతకాలం పడుతుందన్నదానికి ఉదాహరణలే జవాబు. కాకతీయుల గుళ్లూ తోరణాలూ కలిపి 2014లో పట్టీలో చేరాయి. చివరికి వరంగల్ కోట, వేయిస్తంభాల గుడి పక్కకు తప్పుకొని, రామప్ప ఒక్కదాన్నే ముందుకు పంపి, 2021లో హోదా సాధించారు. ఏడేళ్లు. అస్సాంలో అహోం రాజుల సమాధులైన చరాయిదేవ్ మొయిదాంలు అదే 2014లో చేరి 2024లో హోదా పొందాయి. పదేళ్లు.

రాళ్ల సంగతికే వస్తే ఫ్రాన్స్‌లోని కార్నాక్ ముడుమాల్‌కు దూరపు చుట్టం లాంటిది. సముద్రానికి దగ్గర్లో మూడు వేలకు పైగా నిలువురాళ్లు కిలోమీటర్ల పొడవున వరుసలు కట్టి ఉంటాయి. పాఠ్యపుస్తకాలకెక్కిన చోటు అది. దాన్ని ఫ్రాన్స్ 1996లో పట్టీలో పెట్టింది. హోదా దక్కింది 2025 జులైలో. లావోస్‌లో జాడీల మైదానం అని ఒక చోటుంది. మనిషి దిగి నిలబడగలిగినంత పెద్ద రాతి జాడీలు రెండు వేలకు పైగా కొండల మీద పడి ఉంటాయి. 1992లో పట్టీకెక్కి 2019లో హోదా పొందింది. అక్కడ ఆలస్యానికి కారణం కాగితాలొక్కటే కాదు. 1964 నుంచి 1973 దాకా అమెరికా విమానాలు కురిపించిన బాంబుల్లో పేలనివి ఆ నేలలోనే ఉండిపోయాయి. ముందు వాటిని ఏరాల్సి వచ్చింది. ఇప్పటికీ అక్కడ గుర్తులు పెట్టిన దారి దాటి అడుగు వేయవద్దంటారు.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ పోచంపల్లి. దేశంలోని పేరున్న చీరల నేత కేంద్రాలు కొన్నిటిని ఒకే పేరు కింద కట్టి 2014లో తాత్కాలిక జాబితాలో పెట్టారు. అందులో మన ఇక్కత్ ఊరూ ఉంది. పదేళ్లు దాటినా ఆ సంగతి పోచంపల్లిలో చీర కొనడానికి వెళ్లినవారిలో ఎంతమందికి తెలుసో అనుమానమే.

ఒక రాయి ప్రపంచానికంతటికీ ఎందుకు ముఖ్యం

హోదాకు పెట్టిన కొలతను విశిష్ట సార్వజనీన విలువ అంటారు. పలకడానికే గొంతు ఎండిపోయే మాట. అర్థం మాత్రం ఇంతే: ఈ చోటు పోతే నష్టపోయేది ఆ ఊరో ఆ దేశమో కాదు, మనుషులంతా. దాన్ని తేల్చడానికి పది ప్రమాణాలున్నాయి. ఆరు సంస్కృతికి, నాలుగు ప్రకృతికి. ఒక్కదానికి సరితూగినా చాలు. అయితే దానికి తోడు రెండు పరీక్షలున్నాయి. ఒకటి ప్రామాణికత, అంటే చూపిస్తున్నది అసలుదేనా అన్నది. రెండోది సమగ్రత, అంటే చెప్పుకోవలసినంత మిగిలి ఉందా అన్నది.

ఈ ఆలోచన పుట్టిందే ఒక ఆనకట్ట వల్ల అని చెబితే మన కృష్ణా తీరం వారికి వెంటనే అర్థమవుతుంది. ఈజిప్టులో అస్వాన్ ఆనకట్ట కడుతుంటే అబూ సింబెల్ గుళ్లు మునిగే పరిస్థితి వచ్చింది. యునెస్కో పిలుపుతో పలు దేశాలు చందాలు వేసుకుని, 1964 నుంచి 1968 మధ్య గుడిని ముక్కలుగా కోసి పైకి తరలించాయి. సరిగ్గా ఆ కాలానికి కాస్త అటూ ఇటూగా మన దగ్గర నాగార్జునకొండ లోయను తవ్వి, దొరికినవాటిని కొండమీదికి చేర్చి, లోయను నీటికి వదిలేశారు. ఆ తరువాత శ్రీశైలం జలాశయం వచ్చినప్పుడు కూడలి సంగమేశ్వర ఆలయాన్ని రాయి రాయికీ విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. అబూ సింబెల్ 1979లో ప్రపంచ వారసత్వమైంది. చోటు మారినా అది ప్రామాణికమేనన్నారు. కదిలించిన గుడికి పాత విలువ ఉంటుందా అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదనడానికి అలంపురంలో ఆ గుడి మెట్ల మీద కూర్చుని చూస్తే చాలు. ఇంగ్లండ్‌లోని నిలువురాళ్ల వలయం స్టోన్‌హెంజ్ గురించీ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 1901 నుంచి 1964 దాకా అక్కడ పడిపోయిన, ఒరిగిన రాళ్లను లేపి నిలబెట్టారు, కొన్నిటి అడుగున కాంక్రీటు పోశారు. ముడుమాల్ పెద్ద రాళ్లలో ఒరిగినవి ఒరిగినట్టే ఉన్నాయి. ప్రామాణికత పరీక్షలో ఇది మనకు కలిసొచ్చే సంగతి.

కలిసిరానిది సమగ్రత. చిన్న రాళ్ల వరుసలు నాగలికి అడ్డం. వాటిలో ఎన్ని తరాలుగా ఎన్ని పక్కకు జరిగాయో చెప్పడం కష్టం.

ఇక పోలిక అనే ఘట్టం ఉంటుంది. "మీలాంటిది ప్రపంచంలో ఇంకెక్కడ ఉంది, దానికంటే మీది ఏ విధంగా వేరు?" అని అడుగుతారు. ఇక్కడే మనం బయటి ప్రపంచపు వింత చోట్లను తెలుసుకోవాలి. పశ్చిమ ఆఫ్రికాలో సెనెగల్, గాంబియా దేశాల్లో గాంబియా నది పొడవునా ఎర్రటి రాతి స్తంభాల వలయాలున్నాయి. 2006లో హోదా వచ్చింది. గాంబియా వాళ్లు తమ 50 దలాసీల నోటు మీద వాటి బొమ్మ వేసుకున్నారు. వాస్సు అనే ఊళ్లో వచ్చినవారు కోరిక కోరుకుని స్తంభం మీద చిన్న రాయి పెట్టి వెళ్తారు. మన గుట్టల మీద గుళ్ల దగ్గర సొంత ఇల్లు కోసం రాళ్లు పేర్చే అలవాటు చూసినవారికి అది వింతగా అనిపించదు. పొరుగున కర్ణాటకలో కొప్పళ జిల్లా హిరేబెనకల్‌లో వందల రాతి సమాధులు ఒకే గుట్ట మీద ఉన్నాయి. అదీ 2021 నుంచి మన పట్టీలోనే ఉంది. అంటే ముడుమాల్‌కు పోటీ పొరుగు రాష్ట్రంలోనే మొదలవుతుంది. "మాది సమాధుల చోటు కాదు, ఆకాశాన్ని చూసిన చోటు" అన్నది ముడుమాల్ తరఫు వాదనలో ప్రధానమైనది.

ఏడు గుంటలు, ఒక నక్షత్రం, కొంత అనుమానం

అక్కడ ఒక పరుపుబండ మీద చిన్న చిన్న గుంటలు చెక్కి ఉన్నాయి. మధ్యాహ్నం చూస్తే ఏమీ కనిపించదు. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు ప్రతి గుంటలోనూ అర్ధచంద్రాకారంలో నీడ నిండుతుంది. అప్పుడు బొమ్మ లేచి వస్తుంది. నాలుగు ఒక చతురస్రం, మూడు దాని తోక. సప్తర్షి మండలం. మా నాయనమ్మ దీన్నే ముసలమ్మ మంచం అనేది. నాలుగు కోళ్లు, దాన్ని ఎత్తుకుపోతున్న ముగ్గురు దొంగలు. పెళ్లిలో అరుంధతిని చూపించేదీ ఈ తోకలోనే.

పరిశోధకుల వాదన ఏమిటంటే, ఇది మన దేశంలో సప్తర్షి మండలాన్ని రాతి మీద చెక్కిన అతి పాత బొమ్మల్లో ఒకటి. చతురస్రంలో తోకకు అవతలి అంచున ఉన్న రెండు గుంటలను కలిపి గీత పొడిగిస్తే ధ్రువ నక్షత్రం వైపు చూపిస్తుంది. పైగా రాళ్ల వరుసలు కొన్ని ఏడాదిలో అతి పొడవైన పగలు, అతి చిన్న పగలు ఉన్న రోజుల్లో సూర్యుడు ఉదయించే, అస్తమించే దిక్కులకు సరిపోతాయి.

దీన్ని ఎలా తూకం వేయాలి? మూడు చిక్కులు కనిపిస్తాయి. మొదటిది, భూమి అక్షం బొంగరంలా మెల్లగా తల తిప్పుతుంది. ఒక చుట్టుకు సుమారు 26 వేల ఏళ్లు. కాబట్టి ఇప్పుడు ఉత్తరాన కదలకుండా కనిపించే ధ్రువుడు 3,500 ఏళ్ల కిందట అక్కడ లేడు. రాత్రంతా అతడూ మిగతావాటిలా గుండ్రంగా తిరిగేవాడు. అందుకే "ధ్రువుణ్ణి చూపిస్తుంది" అన్న మాట ఇవాళ్టి ఆకాశానికే పూర్తిగా వర్తిస్తుంది. అయితే ఏడు చుక్కల ఆకారం ఇన్నేళ్లలో కంటికి తెలిసేంత మారలేదు. కాబట్టి బొమ్మ సప్తర్షులదే కావడానికి అడ్డేమీ లేదు. రెండోది, రాతి మీద చెక్కిన గుంటకు వయసు కట్టడం చాలా కష్టం. నిలువురాళ్లు పాతినవారే చెక్కారా, వెయ్యేళ్ల తరువాత ఎవరో చెక్కారా అన్నది రాయి చెప్పదు.

మూడో చిక్కుకు చిన్న లెక్క చేద్దాం. 80 రాళ్లలో ఏ రెండింటిని కలిపినా ఒక గీత వస్తుంది. ఎన్ని గీతలు? 80ని 79తో హెచ్చించి సగం చేస్తే 3,160. ఇవి 180 డిగ్రీల్లో సమంగా పరచుకున్నాయనుకుంటే డిగ్రీకి దాదాపు 18 గీతలు. ముడుమాల్‌లో జూన్ 21న సూర్యుడు తూర్పుకు సుమారు 24, 25 డిగ్రీలు ఉత్తరంగా ఉదయిస్తాడు. ఆ దిక్కుకు సరిపోయే గీత ఏదో ఒకటి దొరకకపోతేనే ఆశ్చర్యం. మీ ఊరి కరెంటు స్తంభాలతో చేసినా దొరుకుతుంది. అందుకే రెండు రాళ్ల గీత సాక్ష్యం కాదు. నాలుగైదు రాళ్లు వరుసగా ఒకే దిక్కు పట్టి, అలాంటి వరుసలు పక్కపక్కనే ఉంటే అప్పుడు బలం వస్తుంది. ముడుమాల్ పరిశోధకులు చూపిస్తున్నదీ అలాంటి వరుసలనే. ఆ లెక్క ఐకోమాస్ ముందు నిలబడాలంటే ప్రతి రాయి కోణమూ కొలిచి, కాకతాళీయంగా ఎన్ని సరిపోయేవో కూడా చూపించాలి. నాకైతే ఈ వాదన నిలబడుతుందనే ఆశ ఉంది. ఆశ సాక్ష్యం కాదని కూడా తెలుసు.

ఇంకో మాట. స్టోన్‌హెంజ్ దగ్గర అదే జూన్ 21 సూర్యుడు తూర్పుకు దాదాపు 40 డిగ్రీలు ఉత్తరంగా లేస్తాడు. కాబట్టి అక్కడి అమరికను తెచ్చి ఇక్కడ అతికించి "భారతీయ స్టోన్‌హెంజ్" అనడం రెండు చోట్లకూ అన్యాయమే.

ముద్రలు వేరు, ఇచ్చేవారు వేరు

యునెస్కో పేరు చెప్పి చలామణి అవుతున్న సంగతులు చాలానే ఉన్నాయి. పోచంపల్లికి 2021లో వచ్చిన ఉత్తమ పర్యాటక గ్రామం బిరుదు యునెస్కోది కాదు. అది ఐక్యరాజ్యసమితిలోనే ఉన్న ప్రపంచ పర్యాటక సంస్థది. ఆ బిరుదు ఊరు అతిథులను ఎలా చూసుకుంటుందన్నదానికి ఇచ్చారు, కట్టడానికి కాదు. పోచంపల్లి ఇక్కత్‌కు, గద్వాల, నారాయణపేట చీరలకు ఉన్న భౌగోళిక గుర్తింపు మరొకటి. అది పేరును నకిలీల నుంచి కాపాడే వ్యాపార హక్కు. పండుగలకూ కళలకూ యునెస్కోలోనే వేరే జాబితా ఉంది.

వీటన్నిటికంటే నేల మీద పనికొచ్చేది మన చట్టం. కేంద్ర పురావస్తు సర్వేక్షణ శాఖ చేతిలో దేశమంతటా సుమారు 3,700 కట్టడాలున్నాయి. అలంపురం నవబ్రహ్మ ఆలయాలు అందులోవే. 2010లో సవరించిన చట్టం ప్రకారం వాటి చుట్టూ వంద మీటర్లలో కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి. రాష్ట్రం చూసుకునేవాటికి 2017లో వచ్చిన తెలంగాణ వారసత్వ చట్టం ఉంది. తాత్కాలిక జాబితాలో చేరినంత మాత్రాన ఈ చట్టాల్లో ఒక్క గీత కూడా మారదు. పొలం అమ్ముకోవాలన్నా, బోరు వేయాలన్నా నిన్న వర్తించిన నియమాలే ఇవాళ కూడా. ఆ టీ కొట్టు పెద్దాయన అడిగిన డబ్బు ప్రశ్నకు జవాబూ ఇక్కడే ఉంది. ప్రపంచ వారసత్వ నిధి అని ఒకటి ఉంది గానీ, హోదా ఉన్న పన్నెండు వందలకు పైగా చోట్లకు అది పంచుకుంటే చిల్లరే. కాపాడే ఖర్చు ఆ దేశానిదే, ఆ రాష్ట్రానిదే.

ఏ ముద్రా లేకుండా వింతగా ఉన్న చోట్లూ ఉన్నాయి. నల్గొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనుక గోడ మీద ఒకే స్తంభం నీడ పగలంతా కదలకుండా నిలుస్తుంది. ఎండ నేరుగా పడకుండా పక్కల నుంచి చెదిరి లోపలికి వచ్చే వెలుగుతో కట్టినవాడు ఆడుకున్నాడు. వింత అన్న కొలతలో దానికి వందకు వంద. ప్రపంచ వారసత్వ కొలతలో మాత్రం "నీడ ఎలా నిలిచింది" అన్నది చాలదు, "ఈ పద్ధతి గుడి కట్టే విద్యలో ఏ మలుపు" అని అడుగుతారు. వింత వేరు, విలువ వేరు. ఫోనులో కనిపించే "తప్పక చూడాల్సిన పది రహస్య ప్రదేశాలు" మొదటిదాన్ని చూపి రెండోది ఉన్నట్టు నమ్మిస్తాయి.

పేరొచ్చాక రాళ్లకు ఏమవుతుంది

పేరు రావాలనేవారి వాదన బలమైనదే. ఎవరికీ పట్టని రాయి గోడకు పునాది అవుతుంది, లేదా కంకర అవుతుంది. 2023లో కార్నాక్ పరిసరాల్లోనే ఒక దుకాణం కట్టడానికి నేల చదును చేసినప్పుడు దాదాపు 40 చిన్న రాళ్లు పోయాయని పెద్ద రగడ జరిగింది. వాటి ప్రాచీనతపై అధికారులు అనుమానం చెప్పినా, అంత పేరున్న ఊళ్లోనే అలా జరిగిందంటే పేరు లేని ఊళ్ల సంగతి ఊహించుకోవచ్చు. సరిహద్దు గీసి, మ్యాపులో ఎక్కించి, కాపలా పెట్టడానికి పట్టీలో చేరడం ఒక సాకు. ఆ పని యునెస్కో చేయకపోయినా, యునెస్కో పేరు చెబితే ఫైలు కదులుతుంది.

వద్దనేవారి వాదనా తీసిపారేసేది కాదు. అదే కార్నాక్‌లో జనం పాదాల కింద గడ్డి చచ్చి, మట్టి కొట్టుకుపోయి, రాళ్ల మొదళ్లు బయటపడ్డాయి. 1990ల నుంచి కంచె వేసి, వేసవిలో గైడు వెంటే లోపలికి పంపుతున్నారు. స్టోన్‌హెంజ్‌లో 1970ల చివరి నుంచి రాళ్ల మధ్యకు మామూలుగా వెళ్లనివ్వరు, తాడుకు ఇవతలి నుంచే చూడాలి. 1915లో ఒకాయన వేలంలో 6,600 పౌండ్లకు కొని, మూడేళ్లకు ప్రభుత్వానికి దానం చేసిన రాళ్లవి. ఇప్పుడు ఏటా పది లక్షలకు పైగా జనం వస్తారు, రాయిని ముట్టుకునేవారు బహు కొద్దిమంది.

ముందు గుర్తు పెట్టుకోమన్న ఎల్లమ్మ రాయి దగ్గరికి ఇప్పుడు రావాలి. కంచె వేస్తే పసుపు ఎవరు పూస్తారు? పూయనిస్తే "రాతి ఉపరితలం దెబ్బతింటోంది" అని నిపుణుడు రాస్తాడు. పూయవద్దంటే మూడున్నర వేల ఏళ్ల కట్టడం మిగులుతుంది గానీ తిమ్మప్ప మిగలడు. ప్రపంచ వారసత్వ నియమాలు ఒకప్పుడు ఈ సంగతిని పట్టించుకోలేదు. ఇప్పుడు స్థానికుల ఆచారాన్ని కూడా విలువలో భాగంగానే చూడాలంటున్నాయి, ప్రతిపాదనకు ముందు ఊరివారి సమ్మతీ అడుగుతున్నాయి. కాగితం మీద ఇది మంచి మార్పు. అమల్లో అడిగేదెవరు, గ్రామసభలో చదివి వినిపించేది ఏ భాషలో అన్నది చూడాలి.

హోదా వచ్చినా శాశ్వతం కాదన్నది ఇంకో చిక్కు. ఒమన్‌లో ఓరిక్స్ జింకల అభయారణ్యం 2007లో, జర్మనీలో డ్రెస్డెన్ నదీలోయ 2009లో, ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ రేవు 2021లో జాబితా నుంచి తీసేశారు. డ్రెస్డెన్‌లో కారణం ఒక వంతెన. ఊరివారికి వంతెన కావాలి, కమిటీకి దృశ్యం చెడకూడదు. ఊరివారు ఓటు వేసి వంతెననే ఎంచుకున్నారు.

ఎవరికి తెలియని చోటు?

అక్కడి నుంచి బయలుదేరే ముందు నన్ను చిన్న రాళ్ల మీద నుంచి దింపిన రైతును అడిగాను, ఈ చోటు గురించి బయటివారికి తెలియడం మంచిదేనా అని. ఆయన కాసేపు ఆలోచించి, "మాకు ఎప్పుడూ తెలుసు గదా సార్, ఇప్పుడు మీకు తెలిసింది" అన్నాడు. తరువాత చేను గట్టు మీద కూర్చుని, ఆ వరుస ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కట్టెపుల్లతో మట్టిలో గీసి చూపించాడు. పదకొండు రాళ్లు, మధ్యలో ఒక ఖాళీ. ఖాళీ దగ్గర పుల్ల ఆపి, "ఇక్కడిది మా తాత పీకాడంట" అన్నాడు.